భూమి కింది నీళ్లు ఎవరివి?

ఊరి మంచినీళ్ల బాయి ఎండితే, కాలం కాలేదు, ఏం చేస్తం అంటారు పెద్ద ఆసాములు. కాలం అయిన ఏడు కూడా ఎండుతున్నదే, అది ఎందుకు అని కూలీజనం అడిగితే మాత్రం జవాబు రాదు. నీరు ఏ దారిన నడుస్తుందో తెలుసుకుంటే ఆ జవాబు మనమే చెప్పగలం.

తెలంగాణ నేల కింద చాలా భాగం గట్టి రాయి. పడ్డ వానలో కొంత ఎండకు ఆవిరైపోతుంది. కొంత పైరూ చెట్టూ తాగి ఆకుల నుంచి గాలిలోకి వదులుతాయి. కొంత వాగుల్లో పడి కృష్ణకో గోదావరికో పోతుంది. మిగిలిన కొద్దిపాటి నీరే పైనున్న మొరంలోకి ఇంకి, రాతి పగుళ్లలోకి మెల్లగా దిగుతుంది. పైచెరువు అలుగు పారితే కిందిచెరువు నిండేటట్లు కాకతీయుల కాలం నుంచీ గొలుసుగా చెరువులు కట్టారు. పరుగెత్తే నీరు నిలబడింది, నిలబడ్డ నీరు ఇంకింది, కట్ట కింది బాయిల్లో ఊట పెరిగింది. ఆ కట్టల మన్ను మోసింది ఎవరి తలలో చెప్పనక్కరలేదు.

బోరు వచ్చినాక లెక్క మారింది. రాతి పగుళ్లకు గట్లు లేవు, పట్టాలు లేవు. ఆసామి తన చెలకలో మూడొందల అడుగులు దించి మోటారు పెడితే చుట్టూ నీటిమట్టం కుంగిపోతుంది, పక్కనున్న ముప్పై అడుగుల బాయి ముందుగా ఎండుతుంది. తోడేది ఒకరు, బిందె ఎత్తుకుని మైలు నడిచేది ఇంకొకరు. అప్పు తెచ్చి బోరు మీద బోరు వేసి, చుక్క పడక మునిగిన సన్నకారు రైతు మనకు పగవాడు కాదు. అతనిదీ మన గతే.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, భూమి ఎవరిదో దాని కింది నీటిపై హక్కు వారిదే అన్నది. భూమి లేనివాడికి నీరూ లేదన్నమాట! 2002లో వాల్టా చట్టం వచ్చింది. బావులు, బోర్లు నమోదు చేయించాలనీ, ప్రజల మంచినీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయరాదనీ అందులో ఉన్నది. కాగితం మీద ఉన్నది. టేపు పట్టి కొలిచిన అధికారిని మేం తిరిగిన ఊళ్లలో చూడలేదు.

కనుక ఆ కొలత కూలిసంఘాలే మొదలుపెట్టాలి. మంచినీళ్ల బాయికీ బోరుకూ ఎంత దూరమో కొలవండి. దసరానాడూ ఉగాదినాడూ బాయిలో తాడు వేసి నీళ్లు ఎన్ని మూరల లోతున ఉన్నాయో రాయండి. పదిమంది వేలిముద్రలతో, సంతకాలతో ఆ కాగితం తాసీల్దారు చేతికిచ్చి రసీదు తీసుకోండి. చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువను ఎవరు దున్నుకున్నారో అదీ అందులో రాయండి, సర్వే నెంబరుతో సహా.