కబాడీలో దొరికిన ప్లేస్టేషన్ ఎవరి మాల్?



"కాంటా వేశాం, పైసలిచ్చాం, ఇక మాల్ మనదే." పాత ఇనుము, కబాడీ తిజారత్‌లో ఉన్న మనవాళ్ళు తరచూ అనే మాట ఇది. చాలాసార్లు నిజం కూడా. పగిలిన బకెట్టు, కాలిపోయిన మోటారు, తుప్పుపట్టిన కూలర్ అమ్మినవాడికి అక్కర్లేదు, కొన్నవాడికి రిజ్క్. ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ మాట చెల్లదు. ఈసారి దాని గురించే రాస్తున్నా.

ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి కాస్త ఎడంగా, మా బేగం ఖాలా కొడుకుది కబాడీ దుకాణం. హైదరాబాద్‌లో మూతబడ్డ ఏదో ఆఫీసు కంప్యూటర్ సామాను ఒక దలాల్ ద్వారా పదకొండు వేలకి లాట్‌గా కొన్నాడు. మానిటర్లు, కీబోర్డుల కింద ఒక నల్లటి పెట్టె. మీద ప్లేస్టేషన్ 2 అని ఉంది గానీ పిల్లలు ఆడుకునే దానికంటే చాలా పెద్దది, బరువు. అడుగున 'కంపెనీ సొత్తు, అమ్మకానికి కాదు' అని ఇంగ్లీషులో స్టిక్కర్. కొడుకు ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టాడు. సాయంత్రానికల్లా ముంబై నుంచి ఒక షౌకీన్ ఫోన్ చేసి ఎనభై వేలిస్తానన్నాడు. రెండు షర్తులు పెట్టాడు. బిల్లు అడగకూడదు. పంపేముందు స్టిక్కర్ గీకెయ్యాలి.

"దుల్హే భాయ్, అమ్మేయనా? పిల్ల నర్సింగ్ ఫీజు కట్టాలి" అని నాకు ఫోన్.

ఆ పెట్టె ఏమిటో ముందు చెప్పుకుందాం. గేము ఆడే మిషన్ వేరు, గేము తయారుచేసే మిషన్ వేరు. రెండోదాన్ని డెవలప్‌మెంట్ కిట్ అంటారు. ప్లేస్టేషన్ 2కి సోనీ చేసిన ఆ కిట్ పేరు 'టూల్'. మామూలు మిషన్‌లో 32 ఎంబీ మెమరీ ఉంటే ఇందులో 128 ఎంబీ. కంప్యూటర్‌కి తగిలించి, సగం రాసిన గేమును నడిపించి తప్పులు పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. ఇలాంటివి బజారులో అమ్మరు. లైసెన్సున్న స్టూడియోలకి ముఆహిదా రాయించుకుని ఇస్తారు. పైసలు తీసుకుని ఇచ్చినా సరే, మూడో మనిషి చేతికి పోకూడదన్న షర్తు అందులో మామూలే.

ఆమదాలవలస దాకా ఎలా వచ్చిందని హైరానా పడక్కర్లేదు. 2009లో సోనీ విడుదల చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్', 'దేశీ అడ్డా' అనే ప్లేస్టేషన్ 2 గేములు హైదరాబాద్ స్టూడియోల్లోనే తయారయ్యాయి. మొదటిది అరోనా టెక్నాలజీస్, రెండోది గేమ్‌శాస్త్ర. మన పెట్టెకి వాళ్ళతో సంబంధం ఉందని అనడం లేదు. ఆ పని మన దగ్గర జరిగింది, ఆ మిషన్లూ వచ్చాయి, అంతవరకే.

ఇప్పుడు అసలు సవాల్. స్టూడియో ఆ కిట్‌కి మాలిక్ కాకపోతే, దలాల్‌కి అమ్మే హక్ ఎక్కడిది? దలాల్‌కే లేనప్పుడు మా బావమరిదికి ఎలా వస్తుంది? 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 27వ సెక్షన్ మామూలుగా ఇదే చెబుతుంది: అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. దొంగసొత్తు అని తెలిసీ ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 ఉంది. షరియత్‌లో ఈ మాట పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఉంది. నీ దగ్గర లేనిదాన్ని అమ్మొద్దని హదీసు. వాడుకోమని ఇచ్చింది ఆరియత్, అంటే మాలిక్‌కి తిరిగి చేరాల్సిన వస్తువు. మధ్యలో ఎన్ని చేతులు మారినా అది మారదు.

"అంత పెద్ద కంపెనీకి ఈ డబ్బా లెక్కా భాయ్?" అని మా బిరాదరీలోనే ఒక పెద్దాయన అన్నారు. దీనికి జవాబు సీరత్‌లో ఉంది. హిజ్రత్ రాత్రి ప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్ళింది, తన దగ్గరున్న అమానత్‌లు ఎవరివి వాళ్ళకి అప్పగించడానికి. ఊరు విడిచిపోయేలా చేసింది ఆ మక్కావాసులే. అయినా వాళ్ళ మాల్ వాళ్ళకే పోయింది. మాలిక్ గొప్పోడా, బీదా, మనోడా, పరాయా అన్న హిసాబ్ అమానత్‌లో లేదు.

అలాగని కంపెనీలు మాసూమ్ అని నేననను. 2025లో లండన్ నుంచి ఒక ఖబర్ వచ్చింది. సెగా ఆఫీసు మారినప్పుడు బయటపడ్డ నింటెండో కిట్లను ఒకతను పైసలిచ్చి కొంటే, పోలీసులు అతని ఇంటికెళ్ళి జప్తు చేశారని. సామాను జాగ్రత్తగా తీసుకోవాల్సింది ఆఫీసు వాళ్ళు, పోలీసుల ముందు నిలబడింది కొన్నవాడు. ఇక్కడ కూడా అంతే అవుతుంది. ఆఫీసు మూసేటప్పుడు ఏది మనది, ఏది తిరిగివ్వాలి అని చూడని మేనేజర్ మీద నాకు గుస్సా ఎక్కువ. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆఫీసుల పాత కంప్యూటర్లు రిజిస్టరైన వాళ్ళకే పోవాలి. అవి దలాల్ లారీ ఎక్కితే దొరికేది ఆమదాలవలస కబాడీవాలాయే.

పాత మిషన్ అమ్మితే హరామ్ అని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో 'నింటెండో ప్లేస్టేషన్' అనే నమూనా మిషన్ 2020 మార్చిలో వేలంలో 3,60,000 డాలర్లు పలికింది. అమ్మిన కుటుంబానికి అది దొరికిందీ, దివాలా తీసిన ఒక కంపెనీ సామాను బహిరంగంగా వేలం వేసినప్పుడే. అలాగే 1997లో సోనీయే 'నెట్ యారోజే' అనే నల్ల ప్లేస్టేషన్‌ని ఇంట్లో గేములు రాసుకోవాలనుకునే వాళ్ళకి నేరుగా అమ్మింది. అలాంటిది మీ అటకమీద ఉంటే, ఐబ్ దాచకుండా, పనిచేస్తుందో లేదో చెప్పి, హలాల్‌గా అమ్ముకోండి. తేడా వస్తువులో లేదు, అది చేతికొచ్చిన దారిలో ఉంది.

స్టిక్కర్ గీకెయ్యమన్నాడే, ఆ ముంబై షౌకీన్‌కి ఈ తేడా మనకంటే బాగా తెలుసు. తెలియకపోతే ఆ షర్తు పెట్టడు.

మా బావమరిదికి చెప్పింది ఇది. పెట్టె విప్పొద్దు, హార్డ్ డిస్క్ ముట్టుకోవద్దు. అందులో ఎవరో కుర్రాళ్ళు రాత్రుళ్ళు మేలుకుని రాసిన పని ఉండొచ్చు, అదీ అమానతే. సీరియల్ నంబరు, ఫోటోలతో కంపెనీకి రాయి. దలాల్‌ని కాగితం అడుగు. జవాబు రాకపోతే అప్పుడు ఆలింని కలుద్దాం. దొరికిన సొమ్ముకి, అంటే లుక్తాకి, ఏడాదిపాటు ఎలాన్ చెయ్యమని హదీసు ఉంది. అది దీనికి వర్తిస్తుందో లేదో తేల్చాల్సింది జర్నలిస్టు కాదు. విరగ్గొట్టి ఇనుము ధరకి వెయ్యడం మాత్రం నాకిష్టం లేదు, అది ఇస్రాఫ్. కంపెనీ వెనక్కి తీసుకుంటే మ్యూజియానికి ఇవ్వమని అడగొచ్చు, అడిగితే తప్పేముంది.

ఫీజు మాట. దానికి ఎనభై వేలు అక్కర్లేదు, ముప్ఫై రెండు వేలు చాలు. మసీదు కమిటీ బైతుల్ మాల్ నుంచి కర్జె హసనా ఇస్తుందా అని అడిగాం. రెండు జుమాలు గడిచాయి, ఇంకా జవాబు లేదు. పక్క దుకాణం వాడి ఫోన్‌కి వచ్చే పాత సామాను ఫోటోల మీద ఖుత్బా ఇవ్వడానికి ముందుండే పెద్దలు ఈ విషయంలో ఎందుకు ఆలస్యం చేస్తున్నారో నాకర్థం కావట్లేదు. ఎనభై వేలు వదులుకోమని ఒక కబాడీవాలాతో అనడం తేలిక. ఆ ఇంటి పిల్ల ఫీజు గడువు ఈ నెల 25.

కంపెనీకి ఉత్తరం ఇంగ్లీషులో నేనే రాసిచ్చాను. పెట్టె గోనెసంచీలో చుట్టి దుకాణంలో పై అరలో ఉంది. ముంబై నుంచి ఫోన్ నిన్న కూడా వచ్చిందట, ఇప్పుడు తొంభై అంటున్నాడు.