యానాం వారి ఆరు నెలలు

కాకినాడ నుంచి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్లు పోతే గౌతమీ గోదావరి ఒడ్డున యానాం వస్తుంది. చుట్టూ ఆంధ్రప్రదేశే. ఊళ్ళో వినిపించేది తెలుగే. అయినా యానాం ఆంధ్రప్రదేశ్‌లోది కాదు. 800 కిలోమీటర్లకు పైగా దూరాన వున్న పుదుచ్చేరిలో ఒక భాగం. పూర్వం ఈ రెండు చోట్లా ఫ్రెంచివారి పాలన వుండటమే దీనికి కారణం.

ఒక దేశం నడుమ మరొక దేశపు ముక్క వుంటే చిత్రమైన పనులు జరుగుతాయి. బ్రిటిషు ఇండియాలో 1930లో శారదా చట్టం అమలుకు వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేస్తే నేరం. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం చెల్లదు. అందుచేత చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు పెళ్ళివారిని వెంటబెట్టుకుని యానాం వచ్చి, మూడుముళ్ళూ వేయించి, తిరిగి వెళ్ళిపోయేవారు. ఆ ఊరికి కళ్యాణపురం అనే పేరు అలా వచ్చింది. పేరు ముచ్చటగానే వుంది కాని, ఆ చిన్నపిల్లలను ఎవరూ అడిగినట్టు లేదు!

1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన పోయింది. ఆ నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతోపాటు యానాం పరిపాలన కూడా మన ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956 మే 28న రెండు దేశాలూ ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. కాని దాన్ని ఫ్రెంచి పార్లమెంటు ఒప్పుకునేసరికి చాలా ఏళ్ళు పట్టింది. చివరకు 1962 ఆగస్టు 16న అది అమలులోకి వచ్చింది.

భూమి సంగతి తేలిపోయింది. మరి మనుషుల సంగతి? అంతవరకూ ఫ్రెంచి పౌరులుగా వున్నవారు ఇక ఎవరు?

దానికి ఒడంబడికలో ఒక ఏర్పాటు చేశారు. అక్కడ పుట్టి, అక్కడే కాపురం వుంటున్న ఫ్రెంచి పౌరులందరూ ఆ రోజు నుంచి భారత పౌరులవుతారు. ఎవరైనా ఫ్రెంచివారుగానే వుండిపోదలిస్తే, ఆరు నెలలలోగా ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వాలి. ఏమీ రాయకుండా వూరుకున్నవాడు భారతీయుడైపోయినట్టే. అక్కడ పుట్టి మన దేశమూ, ఆ ఊళ్ళూ కాక వేరే దేశంలో వుంటున్నవారికి ఇది తలకిందులు. వారు వూరుకుంటే ఫ్రెంచివారుగానే వుంటారు. భారతీయులు కాదలిస్తే ఆరు నెలలలోగా రాసి ఇవ్వాలి.

యానాంలో ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములిద్దరు వున్నారనుకోండి. అన్న ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడు. తమ్ముడు ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇద్దరూ కలం పట్టుకోలేదు. ఆరు నెలలు గడిచేసరికి అన్న భారతీయుడు, తమ్ముడు ఫ్రెంచివాడు! ఆ తరవాత తమ్ముడు సొంత ఊరు చూడటానికి రావాలన్నా వీసా కావలసిందే.

పిల్లల మాట కూడా ఒడంబడికలో వుంది. పద్దెనిమిదేళ్ళు నిండని, పెళ్ళికాని పిల్లలది తండ్రి రాసినదాన్ని బట్టే తేలుతుంది. తండ్రి లేకపోతే తల్లి రాయాలి, ఇద్దరూ లేకపోతే సంరక్షకుడు రాయాలి. పదహారేళ్ళు దాటి, పెళ్ళి కూడా అయిన కుర్రవాడు మాత్రం తనది తానే నిర్ణయించుకోవచ్చు. ఆడపిల్లకు ఆ అవకాశం ఇవ్వలేదు.

రెండూ వుంచుకుంటే ఏం పోయె, అని మీకు తోచవచ్చు. కొన్ని దేశాలు అందుకు ఒప్పుకుంటాయి. ఫ్రాన్సు, అమెరికా రెంటికీ పౌరుడైన కుర్రవాడికి రెండు పాస్‌పోర్టులుంటాయి. అతను న్యూయార్కులో విమానం ఎక్కేటప్పుడు అమెరికా పాస్‌పోర్టు మీద బయలుదేరతాడు. పారిస్‌లో దిగి ఫ్రెంచి పాస్‌పోర్టు చూపుతాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అమెరికాది తీస్తాడు. రెంటిలోనూ పేరు ఒకే విధంగా లేకపోతే చిక్కే. ఇంకొక చిక్కు కూడా వుంది. అతనికి పారిస్‌లో ఏదైనా ఆపద వస్తే అమెరికా రాయబారి పెద్దగా అడ్డుపడలేడు. ఫ్రాన్సుకు అతను సొంత పౌరుడే కదా! ఒక దేశం తన పౌరుణ్ణి, అతను పౌరుడే అయిన రెండో దేశం మీదికి వెనకేసుకురారాదని 1930 నాటి హేగ్ ఒప్పందంలోనే రాసుకున్నారు.

మన దేశం మాత్రం రెంటికీ ఒప్పుకోదు. రాజ్యాంగం తొమ్మిదవ అధికరణమూ, 1955 నాటి పౌరసత్వ చట్టమూ ఆ మాటే చెబుతాయి. పెద్దవాడు తన ఇష్టంతో మరొక దేశపు పౌరసత్వం పుచ్చుకున్న క్షణాన భారత పౌరసత్వం పోతుంది. పాత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలి. దాచుకుని వాడితే నేరం.

ఇప్పుడు గోదావరి జిల్లాల వాళ్ళు అమెరికాలో ఎందరో వున్నారు. వాళ్ళలో అక్కడే పుట్టి అమెరికా పౌరులయిన పిల్లలున్నారు. అలాంటి పిల్లవాణ్ణి తల్లిదండ్రులు భారత పౌరుడుగా నమోదు చేయించాలంటే, వాడికి వేరే దేశపు పాస్‌పోర్టు లేదని రాసి ఇవ్వాలి. కాని అమెరికా పౌరుడు ఆ దేశం దాటి రావాలన్నా, తిరిగి పోవాలన్నా అమెరికా పాస్‌పోర్టే వుండాలని అక్కడి చట్టం. పాస్‌పోర్టు తీసుకుంటే నమోదు కుదరదు. తీసుకోకపోతే తాతగారి ఊరికి రావటం కుదరదు! ఎలాగో నమోదై రెండు పౌరసత్వాలూ వున్న పిల్లవాడైనా, పద్దెనిమిదేళ్ళు నిండాక రెండోదాన్ని వదులుకోవాలి. అందుకు మన చట్టం ఇచ్చిన గడువు ఎంతనుకున్నారు? అదీ ఆరు నెలలే.

అందుచేత చాలామంది విదేశీ భారతీయ పౌరుల కార్డు, అంటే ఓ.సి.ఐ. కార్డు తీసుకుంటున్నారు. మొట్టమొదటి కార్డులను 2006 జనవరిలో హైదరాబాదులోనే ఇచ్చారు. పేరులో పౌరుడనే మాట వున్నా అది పౌరసత్వం కాదు, పాస్‌పోర్టూ కాదు. అది వుంటే ఎన్నిసార్లయినా వీసా లేకుండా రావచ్చు, ఎన్నాళ్ళయినా వుండవచ్చు. ఓటు మాత్రం లేదు. సాగుభూమి కొనరాదు. కోనసీమలో తాతగారి కొబ్బరితోట వారసత్వంగా వస్తే వుంచుకోవచ్చు. దాని పక్క తోట అమ్మకానికి వచ్చినా కొనటానికి వీల్లేదు.