ఆ వస్తువు చేసిన చేతులెవరివి?

మ్యూజియం అద్దాల పెట్టెల మీద ‘తాకరాదు’ అన్న పలక మనకు చిరపరిచితం. ఇప్పుడు దాని స్థానంలో ‘తాకి చూడండి’ అన్న ఆహ్వానం వినిపిస్తున్నది. బడిపిల్లలను స్థానిక చరిత్ర మ్యూజియంకు తీసుకెళ్లి సారె తిప్పించడం, రాట్నం వడికించడం, తిరగలి విసిరించడం మంచి బోధనా పద్ధతిగా గుర్తింపు పొందింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేని చదువును ప్రతిపాదించింది. వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల వద్ద వారు పని నేర్చుకోవాలన్నది. అందుకు మార్గదర్శకాలు 2024 జూలైలో వెలువడ్డాయి. ఇది ఆహ్వానించదగిన మార్పు. అయితే తరతరాలుగా స్పర్శనే నేరంగా పరిగణించిన సమాజంలో ‘తాకి చూడండి’ అనడం అంత తేలికైన మాట కాదు. పిల్లవాడు ఏ వస్తువును తాకుతున్నాడు, దాన్ని చేసిన చేతులను సమాజం ఎలా చూసింది అన్న ప్రశ్న ఆ మాట వెంటే రావాలి.

మన మ్యూజియంలలో వస్తువు పక్కనుండే వివరణ సాధారణంగా రాజవంశం, శతాబ్దం, లోహం పేర్లతో ముగుస్తుంది. డమాస్కస్ ఖడ్గాల కీర్తి చెప్పేటప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కును తలచుకుంటాం. మూసలో ఇనుము కరిగించిన కమ్మరి పరిజ్ఞానాన్ని పాఠంగా చెప్పం. మోటకు కట్టిన తోలు తొండాన్ని పాత సేద్యపు పనిముట్టుగా చూపిస్తాం. పచ్చితోలును లందలో నానవేసి, తంగేడు చెక్కతో ఊనించి, నీరు కారకుండా కుట్టడం వెనుక ఉన్న రసాయన జ్ఞానం మాదిగలదని చెప్పం. ఆ తొండం తోడిన నీటితో ఊరంతా పంట తిన్నది. దాన్ని కుట్టిన చేతులకు మాత్రం ఊరి మంచినీటి బావి చేద అందలేదు. ఈ రెండో వాక్యం లేకుండా మోట చరిత్ర పూర్తి కాదు.

చెప్పడానికి ఆధారాలు లేవనే సాకు చెల్లదు. అమరావతి స్తూపం వద్ద లభించిన ఒక ప్రాకృత శాసనంలో విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని దానం చేసినట్లున్నది. అతడు నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తోలు పని చేసేవాడు తన వృత్తిని దాచుకోకుండా పేరుతో సహా రాతిమీద నిలిచిన కాలమొకటి ఈ నేలపై ఉన్నది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన అధికార చిహ్నం నడుమ ఉన్నది అమరావతి శిల్పకళలోని పూర్ణఘటమే. అమరావతికి విహారయాత్రగా వెళ్లే బడిపిల్లల్లో ఎందరికి విధికుని పేరు చెబుతున్నాం?

చేతిపనిని పాఠం చేయడంలో ప్రమాదమూ ఉన్నది. 1953లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో బోధనా సమయాన్ని తగ్గించి, మిగిలిన వేళ పిల్లలు తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోవాలన్నది. ద్రవిడ ఉద్యమం దాన్ని కులవిద్యగా గుర్తించి ఎదిరించింది. 1954లో కామరాజ్ దాన్ని రద్దు చేశారు. శ్రమను నేర్పడం వేరు, శ్రమను పుట్టుకకు కట్టివేయడం వేరు. కులం పనిని మాత్రమే కాక పనిచేసే మనుషులనే అంతస్తులుగా విభజించిందని అంబేడ్కర్ 1936లోనే విశ్లేషించారు. అరగంట సారె తిప్పిన పట్టణ విద్యార్థికి చప్పట్లు దక్కుతాయి. అదే సారె మీద బతికిన కుటుంబానికి దక్కింది కులం పేరు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన ఇంగ్లీషు పుస్తకం కుమ్మరి, చాకలి, మాదిగ వంటి వృత్తుల్లోని విజ్ఞానాన్ని బడిపాఠంగా చూపింది. మ్యూజియంలు ఇకనైనా ఆ దారి పట్టాలి.

తరగతిలో జరిగే చిన్న పొరపాటు పెద్ద గాయం చేయగలదు. ‘మీ నాన్న చేసే పనే కదా, నువ్వు చేసి చూపించు’ అని ఉపాధ్యాయుడు అన్న క్షణాన ఆ పిల్లవాడి కులం అందరి ముందు ప్రదర్శన వస్తువవుతుంది. జోహన్నెస్‌బర్గ్‌లో 2001లో ప్రారంభమైన అపార్థైడ్ మ్యూజియం, సందర్శకులను టికెట్ల ద్వారా యాదృచ్ఛికంగా తెల్లవారు, తెల్లవారు కానివారుగా విడదీసి వేర్వేరు ద్వారాల గుండా పంపుతుంది. వివక్ష ఎరుగని వారికి అది పాఠమే. మన బడిపిల్లల మీద మాత్రం దాన్ని యథాతథంగా అనుకరించరాదు. వెలిని ఇంటిదగ్గరే ఎరిగిన బిడ్డ దాన్ని మళ్లీ నటించి నేర్చుకోవలసిందేమీ లేదు.

చేయవలసినవి కష్టమైనవి కావు. ప్రతి వస్తువు పక్కన చేసినవారెవరు, వాడినవారెవరు, ఎవరికి నిషిద్ధమైనది అన్న మూడు వివరాలు రాయాలి. వృత్తికారులను వేడుకకు నిలబెట్టిన బొమ్మలుగా కాక బోధకులుగా పిలిచి, బోధకులకిచ్చే గౌరవ వేతనం ఇవ్వాలి. మట్టి, నూలుతో ఆగిపోకుండా తోలు, డప్పు, ఆరె, రంపె కూడా పిల్లల చేతికి రావాలి. ఏ పని ఎవరికి అన్నది చీటీ తీసి నిర్ణయించాలి. అగ్రకుల విద్యార్థి తోలు కుట్టనని వెనక్కి తగ్గితే ఆ సంకోచమే ఆనాటి చర్చనీయాంశం కావాలి. వెళ్లేముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఉండాలి.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ రద్దు పిల్లల అనుభవంలోకి రాగల అరుదైన చోట్లలో స్థానిక మ్యూజియం ఒకటి. తన తాత చేసిన వస్తువు ముందు నిలబడిన బిడ్డ తలదించుకుంటాడా, తోటివారికి దాని పనితనం వివరిస్తాడా అన్నది ఆ పక్కన మనం ఏం రాస్తామన్న దానిపై ఆధారపడి ఉన్నది.