ఆ నల్ల మెట్టు ఎవరు తీసేశారు?

పుష్య బహుళ పంచమి నాడు మా భిలాయి తెలుగువాళ్లం కూడా త్యాగరాజ ఆరాధన చేసుకుంటాం. పంచరత్నాలయ్యాక ఎవరికి వచ్చింది వాళ్లు పాడతారు. మొన్న ఒక పిల్ల ఆభేరి రాగంలో ‘నగుమోము గనలేని’ ఎత్తుకుంది. నా పక్కన కూర్చున్న దుర్గ్ మిత్రుడు, ఉక్కు ప్లాంటులో నాతోపాటు షిఫ్టులు చేసినవాడు, చెవిలో అన్నాడు: “అరే, యే తో భీమ్‌పలాసీ హై!”

ఆ సభలో ఉన్నమాట అన్నది ఆయనొక్కడే.

ఇంట్లో హార్మోనియం ఉంటే తెరవండి. ఒకటి శ్రుతిలో పంచమం తెల్ల మెట్టు. దాని పక్క నల్ల మెట్టు శుద్ధ ధైవతం, ఆ పైన తెల్లది చతుశ్రుతి ధైవతం. ఇవాళ మనం వినే ఆభేరిలో ఎక్కేటప్పుడు ధైవతం ఊసే లేదు. దిగేటప్పుడు, నిషాదం నుంచి పంచమానికి వచ్చే దారిలో, పడుతుంది. అక్కడ తెల్ల మెట్టు నొక్కితే ఉత్తరాది చెవికి భీమ్‌పలాసీ రాగం. నల్లది నొక్కారా, పాట మొహమే వేరు. నవ్వు చూడక అల్లాడేవాడి గొంతులో ఉండాల్సిన దిగులు ఆ నల్ల మెట్టులో ఉంది.

ఇది నా పైత్యం కాదు. 1904లో ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితులు అచ్చువేసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఆభేరి ఇరవయ్యో మేళం కింద ఉంది. ఇరవయ్యో మేళానికి ధైవతం శుద్ధమే. ఆ పుస్తకం తమిళదేశంలో అచ్చయినా తెలుగు లిపిలో ఉంది. చదవడానికి మనకు దుబాసీ అక్కర్లేదు! తర్వాత గ్రామఫోను రోజులొచ్చాయి. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ నగుమోము ఊరూరా మోగింది, చతుశ్రుతి ధైవతం జనం చెవిలో స్థిరపడిపోయింది. మార్చింది ఆయనే అని నేననను. ఆ రికార్డు వింటే నాకూ గుండె కరుగుతుంది. ఆంధ్రదేశంలో పాత ధైవతం వదలని విద్వాంసులూ లేకపోలేదు. వాళ్ల దారి మాత్రం పక్కదారి అయింది.

పాట చెప్పే మాస్టారొకాయన్ని అడిగాను, పిల్లలకు పాతది కూడా చెప్పండీ అని. “అపస్వరం పాడిందంటారండీ. మనకి సంప్రదాయం ముఖ్యం” అన్నారు. నా ఒళ్లు మండింది. వందేళ్లయినా నిండని అలవాటు సంప్రదాయమా? దానికంటే ముందున్నది అపస్వరమా?

జర్మనీవాళ్ల సంగతి చూడండి. వాళ్ల సంగీతకర్త బాఖ్‌కి మార్టిన్ లూథర్ కీర్తన మీద కట్టిన కాంటాటా ఒకటుంది, ఆయన రచనల జాబితాలో 80వది. గాయకులూ వాద్యాలూ కలిసి చర్చిలో పాడే భక్తి సంగీతం అది. 1750లో తండ్రి పోయాక పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ అందులోని రెండు భాగాలకు బాకాలూ నగారాలూ తగిలించి వాడుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చువేసినవాళ్లు వాటిని తండ్రి రచనలోనే కలిపేశారు. లోకమంతా ఆ బాకాలే బాఖ్ అనుకుంది. తర్వాత పండితులు కూర్చుని వాటిని విడదీశారు. బాఖ్ స్వహస్త ప్రతి వాళ్లకు దొరకలేదు, అల్లుడు ఆల్ట్‌నికోల్ రాసుకున్న నకలే ఆధారం. దాన్ని పట్టుకునే బాకాల్లేని పాఠాన్ని మళ్లీ పాడించారు. బాకాలు కావాలనుకున్నవాళ్లు ఇప్పటికీ ఊదుకుంటున్నారు, కాకపోతే అవి కొడుకువని అందరికీ తెలుసు. మనకు త్యాగయ్య చేతిరాత స్వరం లేదు కాబట్టి ఏదైనా ఒకటే అనేవాళ్లు ఈ అల్లుడిగారి నకలు సంగతి కాస్త ఆలోచించాలి.

నేను పాటగాణ్ని కాను, ప్లాంటు లేబొరేటరీలో పనిచేసినవాణ్ని. మా ప్రతి రైలుపట్టా నడుం మీద హీట్ నంబరు, అంటే ఏ విడత కరిగించిన ఉక్కో చెప్పే అంకె, కొట్టి ఉంటుంది. ఎక్కడో పట్టా విరిగితే ఆ అంకె పట్టుకుని ఏ రోజు, ఏ హీట్, అందులో కార్బన్ ఎంత అన్నది తీసేవాళ్లం. 880 గ్రేడుకు కార్బన్ 0.60 నుంచి 0.80 శాతం. అది దాటితే సరుకు మంచిదో చెడ్డదో తర్వాత సంగతి, ఆ గ్రేడు ముద్ర మాత్రం పడదు. ఇనుముకున్నపాటి మర్యాద కీర్తనకు లేదు. ధైవతం మారిపోయినా అదే ముద్ర: త్యాగరాజ కృతి, ఆభేరి రాగం.

ఆ ‘ప్రదర్శిని’ దీక్షితుల పరంపరది కదా, త్యాగయ్య శిష్యులది వేరే బాట కావచ్చు కదా అనొచ్చు. అనండి, కాదనను. వేదిక మీదే అనండి. రెండు ధైవతాలతోనూ పాడించి, ఇది పాతది, ఇది రికార్డు నాటిది అని ముందు చెప్పండి. దానికి పట్టే టైము పది నిమిషాలు. ముఖ్య అతిథికి శాలువా కప్పడానికి మనం అంతకంటే ఎక్కువే తీసుకుంటాం.

1959లో ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు ట్రంకుపెట్టెలో బట్టలతోపాటు భజన పుస్తకాలు తెచ్చుకున్నారు. ఆరాధనలో నగుమోము పాడిన ఆ పిల్ల వాళ్ల మనవరాలే. ఆదివారం మా ఇంటికి పిలిచి హార్మోనియం ముందు కూర్చోబెట్టాను. నల్ల మెట్టు మీద వేలు పెట్టి దిగింది. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: “తప్పు మెట్టు పడిందమ్మా!”

పిల్ల నా మొహం చూసింది. నేను తలాడించాను. మళ్లీ అదే నొక్కింది.