పచ్చ వైరు ఊడదీసేవాళ్లకు

సంజామల, కోవెలకుంట్ల, బనగానపల్లె చుట్టుపక్కల ఏ చర్చి పండుగకు వెళ్లినా, ఏ తిరునాళ్ల ఆర్కెస్ట్రా దగ్గర నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: "హమ్మింగ్ వస్తాంది, ఎర్తు పీకేయ్‌రా." బేస్ గిటార్ ఆంప్లిఫయర్ గుయ్‌మంటూ ఉంటుంది. ఎవరో స్క్రూడ్రైవర్ తెచ్చి, మూడు పిన్నుల ప్లగ్గు విప్పి, పచ్చ వైరు ఊడదీస్తారు. మోత ఆగిపోతుంది. ఆ కుర్రాడికి పని వచ్చని అందరూ మెచ్చుకుంటారు. ఆ వైరు మళ్లీ బిగించేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

ఈ అలవాటు పోవాలి. ఎంత అనుభవం ఉన్న సౌండ్ వాళ్లు సమర్థించినా సరే, పోవాలి.

అసలు ఆ మోత ఎక్కడిది? మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బేస్ గిటార్‌లో లావు తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటితే పలికే స్వరం 49 హెర్ట్జ్. రెండూ దాదాపు ఒకటే. చిన్న స్పీకర్లు అంత కిందికి దిగలేవు కాబట్టి వాటిలో ఆ మోత మనకు అంతగా వినపడదు. బేస్ ఆంప్ తయారైందే ఆ కింది స్వరాల కోసం. అందుకని ఉన్న లోపాన్ని ఉన్నట్టు వినిపిస్తుంది, తప్పు దానిదేనని మనం అనుకుంటాం.

లోపం చాలాసార్లు కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నామన్న దగ్గర ఉంటుంది. ఆంప్ ప్లగ్గు లైట్ల వాళ్ల బోర్డులో ఉంటుంది, మిక్సర్ ప్లగ్గు ఇంకో గోడకు. ఆంప్ నుంచి మిక్సర్‌కు ఒక కేబుల్ వెళ్తుంది. రెండు ఎర్తుల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ తేడా వల్ల ఆ కేబుల్‌లోని సన్న తీగల పైపొర మీదుగా కరెంటు పారుతుంది. అదే హమ్మింగ్. రెండు ప్లగ్గులూ ఒకే బోర్డుకు మారిస్తే ఎక్కువసార్లు అక్కడికక్కడే తగ్గుతుంది. తగ్గకపోతే మధ్యలో డీఐ బాక్స్ పెట్టి, దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయాలి. ఆ స్విచ్ పాట వెళ్లే దారిలో గ్రౌండును మాత్రమే విడదీస్తుంది, ప్రాణం కాపాడే ఎర్తును ముట్టుకోదు. పచ్చ వైరు తీసినా వినడానికి ఇదే ఫలితం వస్తుంది. మనవాళ్లు మోసపోతున్నది సరిగ్గా ఇక్కడే.

గిటార్ తీగలు కింద బ్రిడ్జికి, బ్రిడ్జి నుంచి ఒక సన్న వైరు జాక్‌కు, జాక్ నుంచి కేబుల్ పైపొర ఆంప్ ఇనుప డబ్బాకు, ఆ డబ్బా పచ్చ వైరు గుండా భూమికి. వాయించేవాడి వేళ్లు ఆ దారికి ఒక కొస. పచ్చ వైరు తీసేశాక ఆంప్ లోపల ఎప్పుడైనా ఫేజు తీగ డబ్బాకు తగిలితే 230 వోల్టులు నేరుగా గిటార్ తీగల మీదికి వస్తాయి. అదే మనిషి పాడటానికి పెదవులు మైకుకు ఆనించాడనుకోండి. మైకు మిక్సర్ ద్వారా ఎర్తయి ఉంటుంది. కరెంటు వేళ్ల నుంచి పెదవులకు పోతుంది. ఆ దారిలో గుండె ఉంది.

1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీదే, ఎర్తు సరిగా లేని మైకు తాకి చనిపోయాడు. అంతకుముందు 1965 డిసెంబరులో అమెరికాలోని శాక్రమెంటోలో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గిటార్ మైకు స్టాండుకు తగిలి స్పృహ తప్పి పడిపోయాడు. రబ్బరు అడుగుల బూట్లే అతన్ని బతికించాయని చెబుతారు.

ఆ బూట్ల సంగతి మనం గట్టిగా పట్టించుకోవాలి. మన చర్చిలో, గుడి మంటపంలో, భజన పందిట్లో చెప్పులు బయట విడిచి లోపలికి వస్తాం. మన నంద్యాల సీమలో నేల చాలాచోట్ల నాపరాయి. పండుగ అని పొద్దున్నే కడుగుతారు. తడి బండ మీద వట్టి కాళ్లతో నిలబడి, ఎర్తు లేని ఆంప్‌కు తగిలించిన గిటార్ పట్టుకునే మన పిల్లలకు కీత్ రిచర్డ్స్‌కు ఉన్నపాటి రక్షణ కూడా లేదు. ఎర్తు అందరికంటే ఎక్కువ అవసరమైన చోటే మనం దాన్ని పీకేస్తున్నాం.

"ఏళ్ల తరబడి చేస్తున్నాం, ఏం కాలేదు" అంటారు. ఆంప్ బాగున్నంత కాలం ఎర్తుకు పనే లేదు. లోపల తీగ కాలిన రోజునే దానికి పని పడుతుంది, ఆ రోజు ముందుగా చెప్పి రాదు. ఇంకొందరు కొంచెం తెలిసినట్టు వాదిస్తారు: మిక్సర్‌కు ఎర్తు ఉంది కదా, కేబుల్ ద్వారా ఆంప్‌కూ అందుతుంది కదా అని. వెంట్రుకల్లాంటి ఆ పైపొర ఫేజు కరెంటు భారాన్ని మోయడానికి చేసింది కాదు, మాడిపోవచ్చు. పాట మధ్యలో ఎవరి కాలో తగిలి జాక్ ఊడితే ఆ ఎర్తు కూడా దాంతోపాటే పోతుంది.

దీని వెనకున్న ధోరణి ఒకటే: సౌండ్ వస్తే కనెక్షన్ సరైనట్టే, జాక్ పట్టిందంటే తగిలించొచ్చు. గిటార్ నుంచి ఆంప్‌కు వచ్చేదీ, ఆంప్ నుంచి స్పీకర్ బాక్సుకు పోయేదీ చాలా ఆంప్‌లలో ఒకే పావంగుళం జాక్. గిటార్ కేబుల్ తీసి బాక్సుకు పెడతారు. సన్న తీగ వేడెక్కుతుంది, షార్టయితే ఆంప్ పోతుంది. 4 ఓముల కంటే తగ్గకూడదని వెనక రాసున్న ఆంప్‌కు 8 ఓముల బాక్సులు రెండు తగిలించొచ్చు, మూడోది తగిలించకూడదు. కీబోర్డును బేస్ ఆంప్‌లో పెట్టడం మాత్రం నేరమేమీ కాదు. వాల్యూమ్ సున్నాలో ఉంచి తగిలించి, మెల్లగా పెంచితే చాలు. పైస్వరాలు కొంత మొద్దుబారతాయి, అంతే.

పచ్చ వైరు ఉంటేనే చాలదు. ఎండాకాలం మన నల్లరేగడి నెర్రెలు విచ్చినప్పుడు అది చేరే ఎర్తు గుంత కూడా ఎండిపోతుంది. దానికి నీళ్లు పోయించడం పండుగ కమిటీ పని. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా పడిపోయే ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించడం కూడా కమిటీ పనే. సీరియల్ సెట్లకు, పూల డెకరేషన్‌కు చందాలు లెక్కపెట్టేటప్పుడు ఈ రెండూ ఆ లెక్కలో ముందుండాలి. సౌండ్ సర్వీసు వాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు ప్రతి ప్లగ్గూ విప్పించి చూడండి. పచ్చ వైరు లేని ఆంప్‌ను స్టేజీ ఎక్కనివ్వకండి, ఆ రాత్రి పాటకు బేస్ లేకపోయినా సరే.