కలుపు మొక్కయు సత్తు గ్లాసును

ఇంటి వెనుక నాలుగు గజముల నేల యున్న గృహిణి అదృష్టవంతురాలు. రెండు బీరపాదులు, గోడవార నొక మల్లెపొద, మడిలో కొంచెము తోటకూర, వీనిని చూచుకొనుటకంటె ఇంటిపనుల నడుమ మనకు వేఱొక విశ్రాంతి లేదు. చేతికి మట్టి యంటినపుడు మనసులోని చికాకు కొంత ఆ మట్టిలోనే కలిసిపోవును. మేమును ప్రతిదినము ప్రొద్దుటిపూట ఒక యరగంట పెరటిలో గడపుట యలవాటు చేసికొంటిమి. దీనిని కొందఱు కాలక్షేప మందురు, మేము చదువనుకొంటిమి. కాని యా చదువులో మాకు గురువెవరో గుర్తించుటకు చాలకాలము పట్టినది. ఆ సంగతినే ఈ మాసము మీతో ముచ్చటింపదలచితిమి.

ఈ యేడు వేసవి చివర నొకనాటి యుదయమున బీరపాదు మొదట కలుపు తీయుచుంటిమి. ఎఱ్ఱని కాడలతో, దళసరియైన చిన్న యాకులతో నేలనంటి ప్రాకిన మొక్కలు గంపెడు పోగైనవి. అంట్లు తోముటకు వచ్చిన మా పనిమనిషి వానిని చూచి, చేటలోని కెత్తుకొని, వేళ్లు త్రుంచి శుభ్రము చేయనారంభించెను. "ఆ కలుపు నీకేల?" యని మేమడిగితిమి.

"కలుపేంటమ్మగారూ! గంగవావిలి కూర. పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. పొద్దున్నే కోసుకోవాల, పొద్దెక్కితే పులుపు తగ్గిపోద్ది" అని యామె నవ్వెను.

కోయు వేళను బట్టి ఆకు పులుపు మాఱునా యని మాకు సందేహము కలిగినది. పుస్తకములు తిరుగవేసి చూడగా ఆమె మాట యక్షరాల నిజమని తేలినది. సామాన్యముగా మొక్కలు తమకు వలయు బొగ్గుపులుసు వాయువును పగటివేళ గ్రహించును. ఎండలు ముదిరి నీరు చాలనపుడు గంగవావిలి వంటి కొన్ని మొక్కలు, పగటి వేడికి తమ యాకులలోని తడి పోకుండ, రాత్రి చల్లదనమున ఆ వాయువును లోనికి తీసికొని పులుపు రూపమున దాచుకొనును. తెల్లవారి యెండ వచ్చినపిదప ఆ దాచిన పులుపును వాడుకొనును. అందుచేత ఉదయమున కోసిన యాకు పుల్లన, సాయంకాలము కోసినది చప్పన. గుండెకు మేలుచేయునని వైద్యులు చెప్పు ఒమేగా-3 క్రొవ్వు ఇతర ఆకుకూరలకంటె దీనియందు హెచ్చుగా కలదు. అయితే ఆక్సలేటు కూడ విశేషముగా నుండుటచే మూత్రపిండములలో రాళ్లు గలవారు దీనిని మితముగా తినుట మంచిది. ఇంతటి కూరను మేమెన్నియో యేండ్లుగా పీకి గోడ యవతల పాఱవేయుచుంటిమి!

రెండవ పాఠము తొలకరి తరువాత జరిగినది. మేము చిన్ననాడు ఇంటనే తండ్రిగారి యొద్ద అమరకోశము వల్లెవేసితిమి. అందలి వనౌషధివర్గమున పునర్నవ యను పేరు కలదు. పునః, నవ, అనగా మఱల క్రొత్తయైనది యని యర్థము చెప్పుకొంటిమి. అప్పగించి మెప్పు పొందితిమి. అంతే గాని ఆ మొక్క యెట్లుండునో యెన్నడు నడుగలేదు. మా పెరటి దారి ప్రక్కను నేలబారుగా ప్రాకి, గులాబివన్నె చిన్న పూలు పూచి, జిగురుకాయలను చీర యంచున కంటించు మొక్క యొకటి కలదు. దాని బాధ పడలేక వేసవిలో కొడవలితో గీకించివైచితిమి. రెండు వానలు పడగానే అది యథాప్రకారము లేచినది. "ఇది చావదు గదా!" యని మేము విసుగుకొనగా ఆమె, "అటికమామిడి అమ్మగారూ. పైన ఎండిపోయినా వేరు చావదు. వాన పడితే మళ్లీ కొత్తగా లేచొస్తాది" అనెను.

అటికమామిడియే పునర్నవ. పేరునకు మేము చెప్పుకొన్న యర్థమునే ఆమె తన మాటలతో చెప్పినది. పేరు మాకు తెలియును. మొక్క ఆమెకు తెలియును. మాకు తెలిసినదానిని లోకము పాండిత్యమనుచున్నది. ఆమెకు తెలిసినదానికి పేరే లేదు.

ఈ తెలివి మా పెరటికే పరిమితమైనది కాదు. తెలంగాణమున జహీరాబాదు ప్రాంతపు పల్లెలలో చిన్న కమతముల దళిత స్త్రీలు సంఘములుగా కూడి కొఱ్ఱలు, జొన్నలు, సజ్జలు కలిపి సేద్యము చేయుచు, విత్తనములను ఇండ్లలోనే భద్రపఱచుచు, చేలలో వాటంతట నవి మొలచు ఆకుకూరలను కలుపని తీసివేయక ఆహారముగా కాపాడుకొనుచు వచ్చిరి. వారితో కలసి పనిచేయు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది. బడి ముఖము చూడని యా స్త్రీల నేర్పును దేశదేశములు గౌరవించినవి. మన యింటి కొట్టములో అంట్లు తోము స్త్రీకి మనమేమి గౌరవము చూపుచున్నాము? ఈ ప్రశ్న మాకు వెంటనే తోచినదని చెప్పిన అబద్ధమగును. ఒక గాలివాన తోపించినది.

మా పెరటి చూరున నొక సత్తు గ్లాసు బోర్లించి యుండెడిది. మేమీ యింట కాపురమునకు వచ్చుటకు ముందునుండియు అది యచ్చటనే కలదు. పనిమనిషి తన కాఫీకి దానిని తానే తీసికొని, కడిగి, పట్టుకొని నిలుచుండును. మేము పైనుండి పోయుదుము. త్రాగి, మఱల కడిగి, చూరున దోపి పోవును. మేము తిను కంచములు, దేవునికి నైవేద్యము పెట్టు గిన్నెలు, పసిపిల్లల పాలగ్లాసులు, అన్నియు ఆమె చేతిమీదుగా లోనికి వచ్చుచున్నవి. అదే చేతితో ఆమె తనకై కడుగుకొన్న గ్లాసునకు మాత్రము లోపలికి దారిలేదు. కారణము మీ కందఱకును తెలిసినదే: ఆమె కులము. ఇన్ని యేండ్లు దీనిని మేము చూచుచునే యుంటిమి. చూచితిమని మాత్రము చెప్పజాలము.

ఆ గాలివానకు చూరు తాటియాకులతోపాటు గ్లాసును క్రిందపడి, పైన కొమ్మ విఱిగిపడి చితికిపోయినది. మఱునాడు కాఫీ పోయుటకు వేఱొక గ్లాసు కావలసివచ్చి అలమర తెఱచితిమి. లోపల పండ్రెండు స్టీలు గ్లాసులున్నవి. మా చేయి వానిలో పాతదానిని, సొట్ట పడినదానిని, ఇంక మాకక్కఱలేని దానిని వెదకుచున్నది. ఏల వెదకుచున్నదో గ్రహించి మేమే సిగ్గుపడితిమి. ముందు వరుసలోని గ్లాసు తీసి కాఫీ పోసి యిచ్చితిమి.

ఆమె చేయి చాపలేదు. లోపలి గదివైపు చూచి, "వద్దమ్మగారూ. పెద్దమ్మగారు చూస్తే మీకు మాటొస్తాది, నాకు పని పోద్ది" అని మెల్లగా చెప్పి బిందె యందుకొనెను.

సోదరీమణులారా! ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. మేము చేసినది యొక ఘనకార్యమని లోలోపల పొంగిపోవుచుంటిమి. మా యుదారతకు మూల్యము చెల్లింపవలసినది తానని యామెకు తెలియును. ఇంటివారి యంగీకారము లేక చాటున చేయు దయ పనివారి తలమీదనే పడును. మాఱవలసినది ముందు ఇల్లు.

ఆ రాత్రి మా యింటివారితోను, తరువాత మా అత్తగారితోను మాటలాడితిమి. మా యింటివారు వెంటనే సమ్మతించిరి. అత్తగారు, "మా అత్తగారి నాటినుండి యున్న పద్ధతి" యనిరి. శాస్త్రములు విప్పి వారితో వాదింపలేదు. నిరుడు వారికి జ్వరము తగిలి పదునొకండు దినములు మంచము పట్టినపుడు, కాళ్లు పట్టి, ఒడలు తుడిచి, పక్కబట్టలు మార్చిన దెవరని మాత్ర మడిగితిమి. వారు బదులు చెప్పలేదు. మూడు దినములు ఇంట మాటలు కొంచెము తగ్గినవి. నాలుగవనాడు వారే వంటయింటి గడపలో నిలిచి, "కాఫీ చల్లారిపోవుచున్నది, ఆ మనిషికి పోయరాదా" యనిరి. ఏ గ్లాసులో నని వారడుగలేదు, మేమును చెప్పలేదు. పనిమనిషి ఆ మాట విన్నది. ఆనాడు గ్లాసందుకొన్నది.

మన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. ఆ రాజ్యాంగము 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చినది. ఈ దురాచారమును పాటించుటను నేరముగా శిక్షించు చట్టము 1955లో వచ్చినది. చట్టము బావికడకు, బడికి, గుడికి పోగలదు. పెరటి చూరును వచ్చి తడిమి చూచువారెవరు? అచ్చట ఏలిక మనమే.

గ్లాసు మాఱినంతమాత్రమున న్యాయము పూర్తియైనదనుకొనరాదు. దినమున కాఱిండ్లలో పనిచేయు స్త్రీకి సెలవు దినము లేదు. జ్వరము వచ్చి రాకున్న జీతము కోయుదుము. మనము పుట్టింటికిపోయి పది దినములు తలుపు మూసికొన్నను ఆమె జీతమే కోయుదుము. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011వ సంవత్సరమున ఇంటిపనివారికై చేసిన 189వ ఒడంబడికలో, వారమున కెడతెగని 24 గంటల విశ్రాంతియైన నుండవలెనని వ్రాసినది. 2025 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఇంటిపనివారి రక్షణకు తగిన చట్టమును గూర్చి యాలోచించుటకు సంఘము నేర్పఱుపుమని కేంద్రప్రభుత్వమును ఆదేశించినది. అవి యెపుడు ఫలించునో యని మనము ఎదురుచూడ నక్కఱలేదు. మేము మా యింట మూడు నియమములు పెట్టుకొంటిమి. ఆదివారము ఆమెకు సెలవు. మేము ఊరికి పోయినను జీతము తగ్గదు. తల్లి యీడుదైన యామెను మా పిల్లలు పేరుపెట్టి పిలుచుచుండిరి. ఇకమీదట 'అత్తా' యని పిలువవలెను.

ఆదివారము అంట్లు మా యింటివారు, పిల్లలు, మేము కలసి తోముకొనుచున్నాము. మొదటి వారము రెండు పింగాణి కప్పులు పగిలినవి. అడుగంటిన పాలగిన్నెను తోముట యెంత పనియో మా పెద్దవానికి బాగుగ తెలిసినది. ఈ సంగతి విన్న మా పొరుగింటివారు, "చనువిచ్చిన నెత్తికెక్కుదురు" అని హెచ్చరించిరి. ఇప్పటివఱకు నెవరును ఎక్కలేదు. మన నెత్తిమీది బరువును ఇన్నాళ్లు మోసినవారు మఱల మన నెత్తి కెక్కుదురని భయపడుట వింతగానున్నది.

అయినను మాయింట అంతయు చక్కబడినదని మేము చెప్పుకొనుట లేదు. ఇప్పటికిని ఆమె తాను త్రాగిన గ్లాసును రెండు మార్లు తోమి, తక్కినవానితో కలుపక, తొట్టి గట్టుమీద విడిగా బోర్లించి పోవును. తరతరముల వెఱపు నాలుగు వారములలో తీరునా? ఆమె వెళ్లిన తరువాత మేము దానిని తెచ్చి తక్కిన పదునొకండింటి సరసను పెట్టుచున్నాము. మీ యింట చూరున, గూటిలో, పంపు వెనుక అట్టి గ్లాసు బోర్లించి యున్నదేమో ఒక్కసారి చూడుడు.

పెరటి దారి ప్రక్క నొక గజము మేర అటికమామిడిని పీకక విడిచితిమి. గంగవావిలి పప్పు వండు విధమును తెలుపుమని కొందఱు సోదరీమణు లడుగవచ్చును. అది మా విద్య కాదు. ఆమె నడిగి, ఆమె సమ్మతించినచో, పై మాసమున వ్రాయుదుము.