కిరాయి మనది, మాట సరంగుది

జఫర్‌గఢ్ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వారి అబ్బాయి ఇటలీలో, మిలాన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడట. వచ్చే వేసవిలో తల్లిదండ్రులను రప్పించుకుని, కోమో సరస్సులో ఒక పడవను మొత్తంగా కిరాయికి మాట్లాడి ఒక పూట తిప్పుతానంటున్నాడట. "అందరూ ఎక్కే పడవ ఉండంగ, అన్ని పైసలు పోసి విడిగా పడవ ఎందుకని నా సందేహం. లక్నవరం పక్కన పెట్టుకొని చెరువు చూసేటందుకు ఇటలీ దాక పోవుడేందని మా ఇంటాయన పంచాయితీ. మీరేమంటారు?" అని ప్రశ్న.

రెండూ న్యాయమైన సందేహాలే. ముందు ఆ సరస్సు సంగతీ, తరువాత మన లక్నవరం సంగతీ చూద్దాం. ఆ పైన, రెండు చోట్లా ఒకే తీరుగా వర్తించే అసలు సంగతి ఒకటి ఉన్నది. సోదరి అది అడగలేదు. అయినా చెప్పక తప్పదు.

మిలాన్‌లో రైలెక్కితే గంటలోపలే కోమో పట్టణం చేరవచ్చు. విద్యుత్తును కొలిచే 'వోల్టు'కు ఎవరి పేరు పెట్టారో ఆ వోల్టా పండితుడు 1745లో పుట్టిన ఊరు అది. పట్టు పరిశ్రమకు కూడా పేరుపడ్డ ఊరే. అక్కడి నుంచి ఉత్తరంగా, ఆల్ప్స్ కొండల నడుమ సరస్సు సాగిపోతుంది. విస్తీర్ణం 146 చదరపు కిలోమీటర్లు. ఆకారం తలకిందులు చేసిన ఇంగ్లీషు 'వై' అక్షరం. ఒకప్పుడు మంచునదులు తొలిచిన లోయ గనుక లోతు 400 మీటర్లకు పైమాటే. ఏడు చార్మినార్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా పై కలశం నీటి పైకి కనిపించదన్న మాట!

'వై' అక్షరం చీలేచోట బెల్లాజియో అనే ఊరు, ఎదుటి ఒడ్డుల మీద వరెన్నా, మెనాజియో అనే ఊళ్ళు ఉన్నవి. ఈ మూడింటి మధ్యా పెద్ద పడవలు బస్సుల్లా వేళకు తిరుగుతుంటాయి. కొద్ది యూరోలు పెట్టి టిక్కెట్టు కొనుక్కుంటే సరస్సు నడిబొడ్డు చూడవచ్చు. డబ్బుకు వెనకాడవలసిన వాళ్ళకు ఇదే మంచి మార్గం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కొండలు టిక్కెట్టు ధర చూచి తమ అందం తగ్గించుకోవు.

మరి విడి పడవ దేనికి? దానికీ ఒక కారణం ఉన్నది. ఆ ఒడ్డున ఉన్న పాత మేడలన్నీ సరస్సు వైపు ముఖం పెట్టి కట్టినవి. రోడ్డు మీద నడిచేవాడికి వాటి ప్రహరీ గోడలే కనిపిస్తాయి. మెట్లూ, పూలతోటలూ, స్తంభాల వసారాలూ నీటి మీద నుంచి చూచేవారికోసమే. లెన్నో ఊరి దగ్గర కొండకొమ్ము మీద బాల్బియానెల్లో అనే మేడ ఒకటి ఉన్నది. దాని చివరి యజమాని గ్విదో మొంజీనో 1973లో ఎవరెస్టు శిఖరానికి మొదటి ఇటాలియన్ దండును నడిపించినవాడు. ఆయన తన మేడను జాతీయ వారసత్వాన్ని కాపాడే ఒక సంస్థకు వ్రాసి ఇచ్చాడు. ఇప్పుడు ఎవరైనా టిక్కెట్టు కొని లోపల చూడవచ్చు. కాని దాని అసలు అందం చూడాలంటే నీటి మీద, ఒడ్డుకు దగ్గరగా, నిదానంగా పోవాలి. వేళ తప్పకుండా పోవలసిన పెద్ద పడవకు అంత తీరిక ఎక్కడిది? విడి పడవలో, "కొంచెం ఇక్కడ ఆపు నాయనా" అంటే ఆపుతాడు. మనం డబ్బు పెట్టి కొనేది పడవను కాదు, ఆ నిదానాన్ని.

'లూచియా' అని అక్కడ ఒక పాతకాలపు చెక్క పడవ కూడా కనిపిస్తుంది. మన సవారీ బండికి గూడు కట్టినట్టు, దాని మీద వంచిన బద్దలు మూడు వరుసగా ఉంటాయి. ఎండకూ వానకూ వాటి మీద గుడ్డ పరిచేవారు. మాంజోనీ అనే రచయిత వ్రాసిన ప్రసిద్ధ నవలలో నాయిక పేరు లూచియా. ఆమె పేరే పడవకు నిలిచిపోయింది. పడవకు కథానాయిక పేరు పెట్టుకున్నారంటే, వారపత్రిక సీరియల్ కోసం ఎదురుచూచే మన ఇళ్ళవారికి ఆ ఊరు పరాయిదనిపించదు.

ఇక ఇంటాయన పంచాయితీ. ఆయన మాటలోనూ బలం ఉన్నది. కోమో సరస్సు అంతటికీ ద్వీపం ఒక్కటే, కొమాచీనా అని. మన లక్నవరంలో పదమూడు ద్వీపాలున్నవని చెబుతారు! కోమోను మంచు తొలిచింది. లక్నవరాన్ని మనుషులు కట్టారు. కాకతి గణపతిదేవుని కాలంలో, అంటే పదమూడవ శతాబ్దంలో, కొండల మధ్య సందులను మట్టికట్టలతో మూసి వాగునీటిని నిలబెట్టారు. తూములు తీస్తే ఇప్పటికీ పొలాలకు నీరు పారుతుంది. ఒక దేశపు మడుగు చూచి ముచ్చటపడేవాడు తన తాతలు తట్టలతో మట్టి మోసి కట్టిన చెరువు చూడకపోవడం భావ్యం కాదు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ఉన్నది. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ గుడి పక్కన రామప్ప చెరువు ఉన్నది. నర్సంపేట వైపు పాకాల చెరువు ఉన్నది. ఇవన్నీ ఒకే కాలపు పని. జఫర్‌గఢ్ నుంచి హనుమకొండ మీదుగా ములుగు దారి పట్టితే, తెల్లవారి బయలుదేరిన కుటుంబం రామప్పనూ లక్నవరాన్నీ చూచుకుని రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు.

లక్నవరంలో వేలాడే వంతెన మీదుగా ద్వీపానికి నడిచిపోవచ్చు. పర్యాటక సంస్థవారి పడవలున్నవి. పది మందితో కలిసి పెద్ద పడవ ఎక్కవచ్చు, చిన్న మర పడవను మీ ఇంటివారికే మాట్లాడుకోవచ్చు. వానలు వెలిసిన తరువాత, మత్తడి పోసి చెరువు నిండుగా ఉన్నప్పుడు, ఆశ్వయుజం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలంలో నీళ్ళు పొలాలకు పోయి చెరువు వెనక్కు తగ్గుతుంది. అది చెరువు తప్పు కాదు, దాని ధర్మం.

కనుక సోదరికి నా సలహా: రెండూ చూడండి, ముందు లక్నవరం చూడండి. అక్కడ పడవ ఎక్కి దిగడం నేర్చుకున్నవారు కోమోలో తడబడరు.

ఇప్పుడు అసలు సంగతి.

పెద్ద పడవలో తలకొక టిక్కెట్టు. విడి పడవకు తలల లెక్క లేదు. గంటకు ఇంత అని పడవ మొత్తానికి కిరాయి. కోమోలో నడిపే మనిషితో కలిపి గంటకు నూరు యూరోలు దాటడం మామూలు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. కిరాయి ఎటూ అదే అయినప్పుడు, "మరో ఇద్దరు ఎక్కితే ఏం పోయింది?" అనిపిస్తుంది. బావమరిది భార్యతో వస్తాడు, పక్కింటివారి పిల్ల వస్తానంటుంది. "పిల్లలకేం లెక్క, ఒళ్ళో కూర్చుంటారు" అంటాం. పడవవాడు గొణిగితే, "డబ్బిచ్చేది మేమే కదా" అంటాం. ఆ ఒక్క మాటతో పడవ మీద అధికారం తెలిసినవాడి చేతిలోంచి తెలియనివాడి చేతిలోకి జారిపోతుంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2023 మే 28న ఇటలీలోనే, కోమోకు పడమరగా ఉన్న మజోరే సరస్సులో, ఒక బృందం విడిగా మాట్లాడుకున్న పడవ హఠాత్తుగా వచ్చిన గాలివానలో తలకిందులైంది. ఆ పడవలో ఎక్కదగినవారు పదిహేను మంది. ఎక్కినవారు ఇరవై ముగ్గురు. నలుగురు చనిపోయారు. ఆ బృందంలో చాలామంది ఇటలీ, ఇజ్రాయెల్ దేశాల గూఢచారి శాఖలకు చెందినవారు. ప్రమాదాన్ని ముందే పసిగట్టడమే వృత్తిగా గలవాళ్ళు కూడా పడవ ఎక్కేముందు తలలు లెక్కపెట్టలేదన్న మాట.

మన దగ్గరి కథ ఇంకా బాధాకరమైనది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన 'రాయల్ వశిష్ఠ' అనే పడవ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. నది వరద మీద ఉన్నది. యాభై మందికి పైగా పోయారు. వారిలో వరంగల్లు దగ్గర కడిపికొండ నుంచి కలిసి వెళ్ళిన బంధుమిత్రులున్నారు. ఒకే వాడలో అన్ని ఇళ్ళలో దీపాలారిపోయిన ఆ రోజును మన ప్రాంతంవారు మరిచిపోలేరు. మునిగిన పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న, అంటే అయిదు వారాలు దాటిన తరువాత, పైకి తీయగలిగింది.

అది నది, ఇది చెరువే కదా అంటారా? 2024 జనవరి 18న వడోదరలో మునిగింది ఊరి మధ్య చెరువులోని విహారపు పడవే. పన్నెండు మంది బడిపిల్లలూ, ఇద్దరు ఉపాధ్యాయినులూ పోయారు. నీరు చెరువైనా నీరే.

ఎక్కువ మంది ఎక్కితే ఏమవుతుందో వంటింటి లెక్కలో చెబుతాను. పడవ అంచుకూ నీటికీ మధ్య కొంత ఎడం ఉంటుంది. ప్రాణాలన్నీ ఆ ఎడంలోనే ఉన్నవి. ఎక్కే ప్రతి మనిషీ దాన్ని కొంత మింగేస్తాడు. గాలికి ఒక అల లేచి లోపలికి నీరు వచ్చిందనుకోండి. వెడల్పు పళ్ళెంలో పాయసం మోసుకు వస్తుంటే పళ్ళెం ఒక పక్కకు ఒరిగిన మరుక్షణం పాయసమంతా ఆ పక్కకే చేరుతుంది, పళ్ళెం మరింత ఒరుగుతుంది. పడవలో చేరిన నీరూ అదే చేస్తుంది. జనం భయపడి ఒక పక్కకు పరుగెత్తితే మిగిలినది వాళ్ళే పూర్తి చేస్తారు.

కాబట్టి కిరాయి బేరం కంటే ముందు అడగవలసినవి నాలుగున్నవి.

మొదటిది, ఈ పడవలో ఎంతమంది ఎక్కవచ్చు? యూరపులో తయారైన పడవకు ఒక చిన్న రేకు బిగించి ఉంటుంది, దాని మీద ఎక్కదగినవారి సంఖ్య ఉంటుంది. అబ్బాయిని చూపించమనండి. మన రేవుల్లో వ్రాసి ఉంటే చదవండి, లేకపోతే అడగండి. ఒళ్ళో పిల్లను కూడా ఒక తలగానే లెక్కపెట్టండి.

రెండవది, అందరికీ లైఫ్ జాకెట్లున్నవా, పిల్లల కొలతవి ఉన్నవా? పెద్దల జాకెట్టు పిల్లవాడికి తొడిగితే నీటిలో అది పైకి తేలి, వాడు కిందికి జారిపోతాడు. జాకెట్టు ఒళ్ళో పెట్టుకునేదీ కాదు, పీటలా వేసుకుని కూర్చునేదీ కాదు. పట్టీలు బిగించుకుని తొడుక్కునేది. ఉక్కపోస్తుందని విప్పవద్దు. పట్టుచీర నలుగుతుందని బాధపడితే, ఆ రోజుకు నూలుచీర కట్టుకోండి.

మూడవది, గాలి సంగతి. కోమోలో రెండు గాలులకు పేర్లున్నవి. తెల్లవారు జామున ఉత్తరం నుంచి వీచేది తివానో. మధ్యాహ్నానికి దక్షిణం నుంచి లేచేది బ్రెవా. ఎండాకాలం సాయంత్రాలు ఆ కొండల్లో ఉరుములతో వాన పడటం కద్దు. మన దగ్గర వైశాఖ జ్యేష్ఠాల్లో ఈదురుగాలి ఎలా లేస్తుందో మీకు తెలుసు. రెండు చోట్లా పొద్దుటి పూటే మేలు.

నాలుగవది, గంట ఎక్కడినుంచి లెక్క? ఎక్కినప్పటినుంచా, రేవు విడిచినప్పటినుంచా? చమురు ఖర్చు కిరాయిలో కలిసిందా? ఇవి ముందే తేల్చుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు ఆలస్యమైందని సరంగును తొందరపెట్టవలసిన పని ఉండదు. తొందరపెట్టడం కూడా ఒక రకం ప్రమాదమే.

మరొక మాట. ఇటలీలో నలభై హార్స్‌పవర్ లోపు చిన్న మర పడవను లైసెన్సు లేకుండానే కిరాయికిస్తారు. కుర్రవాళ్ళకు అది సరదా. తల్లిదండ్రులను ఎక్కించుకున్న రోజున మాత్రం ఆ సరదా వద్దు. నీరు తెలిసిన మనిషినే పెట్టుకొమ్మనండి. అలాగే మన చెరువుల్లో చేపలు పట్టేవారి పుట్టి కనిపిస్తే పిల్లలు మారాం చేస్తారు. ఆ పుట్టి వారి జీవనానికి, వారి నేర్పుకు తగినది. మన కుటుంబానికి కాదు.

ఇంత చెప్పి భయపెడుతున్నానని అనుకోకండి. తలలు లెక్కపెట్టి, జాకెట్లు బిగించుకున్న తరువాత పడవంత సుఖమైన సవారీ మరొకటి లేదు. మధ్యలో, కింద కూర్చోండి. పులిహోర డబ్బా ఒడ్డున దిగిన తరువాతే తెరవండి. కాగితాలు నీటిలో వేయవద్దు. ఫోటో కోసం లేచి నిలబడవలసివస్తే సరంగు ఒప్పుకున్నాకనే లేవండి.

అన్నిటికన్నా ముఖ్యం: పడవవాడు "ఈ రోజు వద్దు సార్, గాలి బాగా లేదు" అంటే బేరమాడకండి. బాకీ ఏదైనా ఉంటే ఇచ్చి, దండం పెట్టి వెనక్కు రండి. తన కిరాయి పోగొట్టుకుని మనల్ని ఒడ్డునే ఉంచినవాడి కంటే ఆప్తుడు ఆ రేవులో మరొకడు ఉండడు.